యాప్ ఒప్పుకోని గాంధారం

నా ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, మార్చి నెలలో, డిప్లొమా వీణ ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా నియమించారు. అప్పటికి నేను గోదావరి జిల్లాల్లోని ఒక సంగీత కళాశాలలో సీనియర్ లెక్చరర్‌ని. శాఖాధిపతిని కావలసినదాన్ని, నా తర్వాత చేరిన గాత్రం లెక్చరర్‌కి ఆ పదవి ఇచ్చారు. ఆ సంగతి ఇక్కడ అనవసరమే. కాని ఆ పరీక్ష గదిలో నా మాటకు ఎంత బరువుండేదో పాఠకులకు తెలియాలి కదా.

పరీక్ష పద్ధతి ఇది. శ్రుతి, లయ, రాగం, కీర్తన అని నాలుగు భాగాలు. ఇంటర్నల్, ఎక్స్‌టర్నల్ విడివిడిగా మార్కులు వేస్తారు. మా మార్కు సగటులో కలుస్తుంది, అంతే. ఏ ఒక్క భాగంలోనైనా ఎక్స్‌టర్నల్ పాస్ మార్కు వేయకపోతే పరీక్ష మొత్తం పోయినట్టే.

ఆ ఏడు ఎక్స్‌టర్నల్‌గా వచ్చినాయన డాక్టరేట్ ఉన్నవారు, వయసులో నాకంటే బాగా చిన్న. ఆయనకు చేతుల కుర్చీ, నాకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. వేసిన అటెండరు ఎవరో నాకు గుర్తుంది.

మూడో అభ్యర్థి సువార్త. మండపేట దగ్గర పల్లె నుంచి బస్సులో వచ్చి నా దగ్గర ఆరేళ్లు నేర్చుకుంది. తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. ఆ శీతాకాలం నడుం పట్టేసి పని మానేశాడు. భీమవరంలో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు ఆమెకు సంగీతం టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. షరతు ఒక్కటే: బడులు తెరిచిన నెలలోపు డిప్లొమా పాసైనట్టు చూపించాలి. ఆ ఇంటికి వచ్చే జీతం అదొక్కటే కాబోతోంది.

వీణ గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. వీణ మీద ఇరవై నాలుగు మెట్లు ఉంటాయి. అవి మేకులతో బిగించినవి కావు, మైనంలో కూర్చినవి. మా ఎండలకు మైనం మెత్తబడి మెట్టు జరుగుతుంది. అందుకని వేసవికో వర్షాకాలానికో మళ్లీ వేసుకోవాలి. మైనాన్ని వేడి చేసి, తీగ మీటుతూ, మెట్టును అటూ ఇటూ జరిపి, స్వరం షడ్జంతో పూర్తిగా కలిసిన చోట వదలాలి. కలిసిందనడానికి గుర్తు ఉంది. కలవని స్వరం అలలా ఊగుతుంది. కలిసినది నిలుస్తుంది. సువార్త వీణకు మెట్లు వేసింది నేను. మిగతా అభ్యర్థులందరూ తెచ్చినవి కార్ఖానాలో మెట్లు బిగించి అమ్మే కరెంటు వీణలు.

ఆమె శంకరాభరణం వాయించింది. అందులోని 'గ', అంటే గాంధారం మీద నిలిచినప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు కూడా అడ్డనిపించలేదు. ఎక్స్‌టర్నల్ గారు మాత్రం తల ఎత్తలేదు. బల్ల మీద ఫోన్ పెట్టుకుని అదే చూస్తున్నారు. మెసేజీలు చదువుకుంటున్నారనుకుని మండిపడ్డాను. తర్వాత తెలిసినదాంతో పోలిస్తే అదే నయం.

అమ్మాయి బయటికి వెళ్లాక ఆయన షీటు నా వైపు తిప్పారు. శ్రుతి భాగంలో ఫెయిల్.

ఆ పిల్లకి లయ తప్పిందంటే ఆలోచించేదాన్ని. శ్రుతి తప్పిందన్నవాళ్లు అప్పటిదాకా లేరు. పొరపాటున వేరే నెంబరు దగ్గర వేశారేమో చూడమన్నాను.

"పొరపాటు కాదండి. గాంధారం ప్రతిసారీ తగ్గుతోందండి. పద్నాలుగు సెంట్లు," అంటూ ఫోన్ చూపించారు. అది శ్రుతి కొలిచే యాప్. స్వరం సరిగ్గా ఉంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. షడ్జం నుంచి పై షడ్జం దాకా ఉన్న దూరాన్ని పన్నెండు వందల భాగాలు చేస్తే ఒక్కోటి ఒక సెంటు.

"తగ్గలేదండి. అది ఉండవలసిన చోటే ఉంది," అన్నాను.

ఈ తగువు మా ఇద్దరిదీ కాదు, చాలా పాతది. పాశ్చాత్యులు పాట మధ్యలో ఆధార షడ్జాన్ని మారుస్తారు. ఒక షడ్జానికి స్వచ్ఛంగా కలిపిన వాద్యం ఇంకో షడ్జానికి అపస్వరం పలుకుతుంది. దాని మీద వాళ్లు తరాల తరబడి వాదించుకుని, చివరికి పన్నెండు స్వరాలనూ సమాన దూరాల్లో పెట్టి రాజీపడ్డారు. ప్రతి స్వరానికీ కొంచెం అన్యాయం జరిగింది. పంచమానికి జరిగింది చెవికి అందదు. గాంధారం మాత్రం పద్నాలుగు సెంట్లు పైకి పోయింది. ఆ రాజీయే హార్మోనియంలో మన దేశానికి వచ్చింది, హార్మోనియం కచేరీకి పనికొస్తుందా లేదా అని ఇక్కడా పెద్దలు కొట్టుకున్నారు. ఇప్పుడు అదే కీబోర్డులోనూ, ఆ ఫోన్‌లోనూ ఉంది. మనం షడ్జం మార్చం. మనకా రాజీ అక్కరలేదు.

ఇదంతా చెప్పినా ఆయన నవ్వి ఊరుకున్నారు. పరీక్ష గదిలో ఇంటర్నల్ వాద్యం ముట్టకూడదని నిబంధన. అయినా ఇంకా గదిలోనే ఉన్న సువార్త వీణ ఒళ్లో పెట్టుకున్నాను. సారణి తీగ, అంటే షడ్జం పలికే మొదటి తీగ, ఉత్తినే మీటాను. యాప్ ఆకుపచ్చ చూపించింది. తర్వాత నేను వేసిన గాంధారం మెట్టుకు సరిగ్గా పైన, మెట్టుకు నొక్కకుండా, వేలి కొసతో తీగను తాకీ తాకనట్టు పట్టి మీటాను. అక్కడ తీగ పొడవులో ఐదో వంతు. అలా పట్టుకుంటే తీగలో ముందునుంచీ ఉన్న గాంధారం సన్నగా, రెండు స్థాయిల పైన, తనంతట తాను పలుకుతుంది. మనిషి చేసేదేమీ ఉండదు.

యాప్ ఎరుపు చూపించింది. పద్నాలుగు సెంట్లు తక్కువ.

"ఈ తీగని కూడా ఫెయిల్ చేస్తారాండి?" అన్నాను.

ఆయన ఇంకోసారి మీటమన్నారు. మీటాను. మార్కు దిద్దుతారనే అనుకున్నాను.

"మీరు చెప్పింది నిజమేనండి. నేనూ చదివాను. కానీ ముందు ఇద్దర్నీ దీంతోనే కొలిచానండి. ఈ అమ్మాయికొక కొలత, వాళ్లకొక కొలత పెట్టలేను కదండీ. పైగా రేపు ఏ స్కూల్లో టీచరుగా చేరినా కీబోర్డు పక్కనే పాడించాలి."

తప్పని తెలిసి మార్కు దిద్దని మనిషిని నేను మొదటిసారి చూడటం అదే. తెలియక వేస్తే ఇంత నొచ్చుకునేదాన్ని కాదు.

ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. "పద్నాలుగు సెంట్లా మేడమ్? మా భీమవరంలో అయితే రెండు ఇళ్లు కట్టుకోవచ్చండి," అన్నారు. గదిలో ఉన్న క్లర్కులు నవ్వారు. ముగ్గురు.

పరీక్షల విభాగానికి ఫిర్యాదు రాశాను. అభ్యర్థి సంతకం కావాలన్నారు. ఫలితాలు వచ్చాక సువార్తను ఇంటికి పిలిచి కాగితం ముందు పెట్టాను. చదివింది, పెన్ను పక్కన పెట్టేసింది.

"నేను పెట్టనండి మేడమ్ గారు."

"ఏంటి? నీకు అన్యాయం జరిగితే నేను పోట్లాడుతుంటే!"

"కమిటీ కూర్చునేసరికి దసరా వస్తుందండి. స్కూలు వాళ్లు అప్పటిదాకా ఆగరు. జూన్‌లో సప్లిమెంటరీ రాస్తానండి."

"మళ్లీ ఆయనే వస్తాడు. మళ్లీ ఆ ఫోనే తెస్తాడు."

"తెచ్చుకోనివ్వండి. నేను ఆదివారం చర్చిలో కీబోర్డు గాంధారం పాడతానండి, సోమవారం మీ దగ్గర మీ గాంధారం వాయిస్తానండి. నాకు రెండూ వచ్చండి." నేల చూస్తూ అంది, "మీకే ఒకటి వచ్చు."

ఆరేళ్లు నేర్పిన పిల్ల. కాఫీ ఇచ్చాను, తాగి వెళ్లింది. ఆ మాట మింగుడుపడలేదు. యాప్ పెట్టుకుని మెట్లు జరిపించుకుంటుందని మనసులో ఖాయం చేసుకున్నాను. నా మైనం కరిగించి, నేను నిలబెట్టిన మెట్టు పైకి తోస్తారు. ఆ మాటే తలుచుకుంటూ మే నెలంతా గడిపాను.

జూన్‌లో ఆయనే వచ్చారు, ఫోనూ వచ్చింది. సువార్త మళ్లీ శంకరాభరణమే ఎత్తుకుంది. ఈసారి ఆకుపచ్చ. గాంధారం వచ్చినప్పుడల్లా ఆకుపచ్చ, నా చెవికి మాత్రం ముల్లు. ఆయన మెచ్చుకుంటూ శ్రుతికి దాదాపు పూర్తి మార్కులు వేశారు. నా వంతు రాగానే నేను విన్నదానికే వేశాను: అత్తెసరు పాస్ మార్కు. దానివల్ల ఆమె పాస్ ఆగదని నాకు తెలుసు.

పరీక్షయ్యాక వరండాలో వీణ పెట్టె తెరిపించాను. ఎవరి చేత మెట్లు వేయించుకుందో చూడాలని. చూసి నిలబడిపోయాను. మైనం మీద నా బొటనవేలి నొక్కులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఏ మెట్టూ వెంట్రుకవాసి కదలలేదు.

"మరి ఆకుపచ్చ ఎలా వచ్చింది?"

"తీగ పక్కకి లాగానండి. కొంచెమే. గాంధారం వచ్చినప్పుడల్లా."

ఎడమ వేలు చూపించింది. కొసన చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. నెల రోజుల సాధనలో వచ్చిన గాయం.

తీగను లాగితే స్వరం పెరుగుతుందని ఏ వీణ విద్యార్థికైనా తెలుసు. గమకం పలికించేది అలాగే. గీత తప్పకుండా పద్నాలుగు సెంట్లే, అన్నిసార్లు, పరీక్ష పొడుగునా లాగి నిలపగలరని నేను ఊహించలేదు. నాకు ముందే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అదీ నేను మరిచిపోలేదు.

ఆమె భీమవరంలో ఉద్యోగంలో చేరింది. నా మార్కు వల్ల సగటు తగ్గి ఫస్టు క్లాసు పోయిందని ఇప్పటికీ ఫోన్లో దెప్పుతుంది. విన్న స్వరానికి వేశానని ఇప్పటికీ చెబుతాను.

ఆ రెండు పరీక్షల వల్ల నాకు తెలిసింది ఇంతే. మెట్టును స్వచ్ఛమైన గాంధారం దగ్గర వేస్తే, అవసరమైనప్పుడు వేలితో పైకి వెళ్లవచ్చు. సమాన దూరాల కొలతకు పైకి తోసి వేస్తే, ఎంత సాధన చేసిన వేలైనా స్వరాన్ని కిందికి దించలేదు. అందుకే ఇప్పుడు మెట్లు వేయించుకోవడానికి వచ్చేవారు ఫోన్ తీసి చూపించినా నేను చెవితోనే వేస్తున్నాను. కీబోర్డు పక్కన వాయించవలసినవారికి లాగడం నేర్పుతున్నాను.