ఇంజను మెడలో ఎర్ర తాడు

ఆ రోజు మా బోటు సేపల ఏటకి ఎల్లిన కాసేపటికే తిరిగొచ్చీసినాది. ఇంకో బోటు దాన్ని లాక్కొస్తంది. ఇంజను పాడైపోనాదేమో అనుకున్నాను. నా పెనిమిటి ఎప్పుడూ ఎనకాల ఇంజను దగ్గరే ఉంటాడు. అక్కడ ఎవులూ నేరు. నీల్లల్లోకి పరిగెట్టినాను.

నా పెనిమిటిని బోటులో పడుకోబెట్టినారు. కుడికాలికి లుంగీ సుట్టీసినారు. లుంగీ అంతా రగతం. "వొదినా, స్క్రూలు వొదులైపోయి ఇంజను ఒరిగిపోనాది. అన్నియ్య నీల్లల్లో పడిపోనాడు. బోటు గుండ్రంగా తిరిగి ఆడి మీదకే వొచ్చీసినాది," అని మా మరిది ఒకటే ఏడుపు. నీల్లల్లో తిరిగే ఇంజను ఫ్యాను కాలిని కోసీసినాది.

ఇంజనుతో ఒక ఎర్ర తాడిస్తారు. ఒక కొస స్విచ్చికి, రెండో కొస నడిపినోడి సేతికి. మనిషి పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతాది. మావోలు కట్టుకోరు, వలకి తగులుకుంటాదంటారు. స్విచ్చికున్న కొస అలగే ఉంచీసి, రెండో కొసకి నిమ్మకాయలూ ఎండు మిరపకాయలూ గుచ్చి ఇంజనుకే దిష్టి దండ కట్టీస్తారు. మా ఊల్లో అన్ని బోట్లకీ అంతే. మా కొత్త ఇంజనుకీ మా అత్త అలగే కట్టినాది. మనిషి పడ్డా ఇంజను ఆగనేదు.

శ్రీకాకులం తీసుకెల్లినాం. "బ్లడ్ వెసల్స్ కట్ అయ్యాయమ్మా. రిపేర్ చేస్తాం. పాదానికి సర్క్యులేషన్ రావాలి," అన్నాడు డాక్టరు. ఆపరేషనయ్యాక రోజూ పాదం ముట్టుకుని సూసేదాన్ని. సల్లగానే ఉండేది. ఒకనాడు కాస్త ఎచ్చగా తగిలింది. సంతోషంతో అక్కడే ఏడ్సీసినాను.

మర్నాడు జొరం. డ్రెస్సింగ్ ఇప్పితే వాసన. "ఇన్ఫెక్షన్ పైకి పాకుతోంది. బిలో నీ ఆంప్యుటేషన్ చెయ్యాలి, మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మనిషి దక్కడమ్మా," అన్నాడు.

నా పెనిమిటి నా సెయ్యట్టీసుకున్నాడు. "ఒసే, తియ్యొద్దని సెప్పే. నీ మాటింటారే." ఓలమ్మో, నా మాటెవులింటారు? ఆ గంగమ్మే ఇన్నేదు. తీసీమన్నాను. ఆనక సాన్నాల్లు నా సేతి కూడు ముట్టనేదు.

ఇప్పుడు కొయ్యకాలేసుకుని ఒడ్డుదాకా నడుస్తాడు. వలలు బాగుసేస్తాడు. బోటెక్కితే కెరటానికి నిలబడనేడు, అందుకని మరిదే ఎల్తన్నాడు. మంచం మీద పడుకుంటే నేని పాదం దురదెడతాదట. "గోకే," అంటాడు. ఎక్కడ గోకను? దుప్పటి మీద ఉత్తినే గోకుతాను. "ఇంకాస్త కిందకి," అంటాడు.

బోటు నడిపినోలకి ఒక్కటే సెప్తన్నాను. స్క్రూలు బిగించీండి, దండ ఏరే తాడుతో కట్టుకోండి, ఆ ఎర్ర తాడు మాత్రం మీ సేతికి కట్టుకున్నాకే ఇంజను తిప్పండి. "గేదికి పలుపేసినట్టేట్రా," అని నవ్వుతారు. తాడు కట్టుకుని ఎల్తన్న మా మరిదిని సూసీ నవ్వుతన్నారు. నవ్వనీండి. రెండు కాల్లతో ఇంటికొచ్చి ఆడు కూడా నవ్వుతన్నాడు.