మేకుకు వేలాడిన వెలుగు

సాయంత్రం అయ్యేసరికి మా ఇంటి వెనక మిల్లులో వడ్లు ఉడుకుతున్న వాసన కిటికీలోంచి వచ్చి వంటిల్లంతా నిండుతుంది. మిర్యాలగూడలో ఉండేవాళ్లకు అది అలవాటే గానీ, నాకు మాత్రం ఆ తడి వడ్ల వాసన తగలగానే చేతిలో పని వదిలేసి గోడ మీది ఫోటో తుడవాలనిపిస్తుంది. ఆ ఫోటోలో మనిషి లేడు. అంతా నలుపు, నడుమ కాస్త చెదిరిన వెలుగు. వచ్చినవాళ్లు చంద్రుడా అని అడుగుతారు. మా తాత అంటాను.

మాది కోదాడ పక్కన చిలుకూరు. మా నాయిన చిన్నగా ఉన్నప్పుడే తాత పోయాడట. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని పెళ్లిళ్లలో కూడా కెమెరాకు దొరక్కుండా తప్పుకునేవాడట. అందుకని భాద్రపదం చివర పెత్రమాస వచ్చిందంటే, అందరిళ్లలో పోయినవాళ్ల ఫోటోలకు బంతిపూల దండలేసి ముందర గారెలు, పప్పు, పులుసు పెడుతుంటే, మా నాయినమ్మ గోడకున్న వట్టి మేకుకు దండ వేసి దాని ముందర విస్తరి పెట్టేది.

"మీ తాత మొగం నా కండ్లల్లనే ఉన్నది. నేను పోతే అది గూడ పోతది" అనేది, నూనెలో గారెలు తిప్పుతూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు.

వానలు వెనకపట్టి వరి మోకాలెత్తు పెరిగాక, దీపాలు పెట్టే వేళకు కాలువ అవతలి పొలాల్లో ఒక వెలుగు కనపడేది. నెమ్మదిగా నడిచి, ఆగి, కిందికి వంగి, మళ్లీ లేచి నడిచేది. ఊళ్లో వాళ్లు కొరివి దయ్యమని పిల్లల్ని లోపలికి పిలుచుకునేవాళ్లు. నాయినమ్మ మాత్రం అరుగు మీద కూచుని రెప్పార్పకుండా చూసేది. మడిలోకి నీళ్లు పారడానికి ఒడ్డుకు పెట్టే గండిని మడవ అంటాం. పొద్దుగూకితే ప్రతి మడవ దగ్గరా వంగి చూడటం తాత అలవాటట.

"మడవ మడవకు ఆగుతది సూడు. దయ్యానికి మడవలతోటి ఏం పని? మీ తాతనే."

నాకప్పుడు పదేళ్లు. భయం కంటే ఆరాటం ఎక్కువ. పెత్రమాసకు రెండు రోజుల ముందు చిన్నాయిన సూర్యాపేట నుంచి కెమెరా ఫోను పట్టుకుని రాగానే, ఆ వెలుగును ఫోటో తీస్తే మేకుకు తగిలించడానికి తాత దొరుకుతాడనిపించింది. వాకిట్లోంచి తీస్తే అంతా నలుపే వచ్చింది. దగ్గరికి పోవాలి. నాయినమ్మ సరేనంది గానీ లోపలికి పోయి ఎంతకూ రాలేదు. చూస్తే కొబ్బరినూనె రాసి తల దువ్వుకుని, పెట్టెలోంచి జరీ అంచు చీర తీసి కట్టుకుంటోంది.

"పొలానికి గీ చీరెందుకు నాయినమ్మా?"

"ఇన్నేండ్లకు ఎదురువడుతున్న. పేడ చేతులతోటి పోవాల్నా?"

కప్పల అరుపులు, బురద వాసన, ఒడ్డు మీద జారుతున్న చెప్పులు, నా భుజం మీద నాయినమ్మ చెయ్యి. వెలుగు ఒక మడవ దగ్గర వంగింది. నేను నొక్కాను. వెలుగు గిర్రున మా వైపు తిరిగింది.

"ఎవలది? అత్తా, గీ యాల గీడేం జేస్తున్నవ్?"

పక్కింటి సైదులు మామ. నెత్తికి బ్యాటరీ లైటు, చేతిలో బకెట్టు, అందులో గీరుకుంటున్న ఎండ్రికాయలు. నాయినమ్మ ఎత్తిపట్టిన కుచ్చిళ్లు వదిలేసింది, జరీ అంచు బురదలో పడింది. బకెట్టులోకి వంగి చూసి అడిగింది.

"మడవ మడవకు ఎందుకు ఆగుతున్నవ్‌రా?"

"ఎండ్రికాయలు గాడనే ఉంటయ్ గదత్తా. చిన్నప్పుడు మామ ఎనకాల తిరిగి నేర్సుకున్నదే. గట్లనే వంగి సూసేటోడు."

నాయినమ్మ కుచ్చిళ్లు మళ్లీ ఎత్తిపట్టుకుని ఇంటి దారి పట్టింది. ఇంటికొచ్చాక చిన్నాయినతో ఫోటో కడిగించుకు రమ్మంది.

"బతికున్నోని లైటుకు దండేస్తవానే అమ్మా?"

"లైటు వానిది. నడక మీ నాయినది."

కోదాడ స్టూడియో ఆయన "ఇందులో ఎవరూ లేరు కదండీ" అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడట. పెత్రమాస నాడు దానికి దండ పడింది, ముందర విస్తట్లో సైదులు మామ తెచ్చిన ఎండ్రికాయల పులుసు పడింది. ఆయనే వచ్చి పైకి చూసి, "అత్తా, నన్ను పానం ఉండంగనే గోడకెక్కిచ్చినవ్" అని, ఇంకో రెండు గారెలు అడిగి వేయించుకున్నాడు.

ఇప్పుడు పురుగుమందుల దెబ్బకు ఆ ఒడ్లలో ఎండ్రికాయలు లేవు. దీపాల వేళకు పొలాలు వట్టి చీకటి. సైదులు మామ మోకాళ్లు వంగవు. నాయినమ్మ పోయి నాలుగేళ్లు. దవాఖానలో, ముక్కుకు పైపుతో ఉన్నప్పుడు తీసిన ఫోటో తప్ప ఆమెది ఇంకొక్కటీ మా దగ్గర లేదు. జరీ చీర కట్టుకుని, నున్నగా తల దువ్వుకుని ఒడ్డు మీద నిలబడ్డ ఆమెను తీయాలని ఆ రోజు నాకు తోచలేదు. ఫోను నా చేతిలోనే ఉంది, ఆమె నా పక్కనే ఉంది.

మొన్న నా బిడ్డ ఆ నల్ల ఫోటో చూస్తూ, "ఇందుల మీ నాయినమ్మ ఏదే అమ్మా?" అని అడిగింది.

ఫ్రేము బయట, కుడి పక్కన, వట్టి గోడ మీద వేలు పెట్టి చూపించాను.

"గీడ నిలవడ్డది."