కొండమ్మ గ్లాసు

తెనాలి కాలవ కింద నాట్లేసే ఆడవాళ్ల ముఠాకి కొండమ్మ పెద్ద. బురదలో నడుం వంచిందంటే మధ్యాహ్నం దాకా ఎత్తేది కాదు. చేతులు నారు గుచ్చుతుంటే నోరు చర్చి పాటో, చేలో పాటో పాడుతూనే ఉండేది. ఎనభై అయిదులో, కారంచేడులో దళితుల్ని చంపిన వార్త వచ్చిన నాటి నుంచి ఆ నోరు మూతపడింది. ఆ ఊరి కోడలైన ఆమె చెల్లెలు పిల్లల్ని చంకనేసుకుని పారిపోయి చీరాల శిబిరంలో తలదాచుకుంది.

చెల్లెల్ని చూసి వచ్చిన మర్నాడు, మధ్యాహ్నం ఆసామి వీరరాఘవయ్య బిందెతో మంచినీళ్లు తెచ్చాడు. ఆడవాళ్లు గట్టు కింద దోసిళ్లు పడితే అతను పైనుంచి పోయడం ఆనవాయితీ. కొండమ్మ కొంగుముడి విప్పి సత్తు గ్లాసు తీసింది.

"ఏంటే ఇది?"

"ఇందులో పొయ్యండయ్యా. ఇక దోసిలి పట్టను."

"చీరాల వెళ్లొచ్చి కొత్త మాటలు నేర్చావా? ఇప్పుడే అందర్నీ పనిలోంచి పంపించేస్తా!"

కొండమ్మ వెనక పదకొండు ఇళ్ల పొయ్యిలున్నాయి. అయినా చాచిన గ్లాసు దించలేదు. వీరరాఘవయ్య మిగతా ఆడవాళ్ల వైపు చూశాడు. ఒక్క దోసిలీ పైకి లేవలేదు. సగం చేను నాటాల్సి ఉంది, నారుకట్టలు ఎండకు వాడుతున్నాయి. బిందె గట్టు మీద ధన్‌మని పెట్టి వెళ్లిపోయాడు.

అతను కాలవ వంతెన దాటాడు. కొండమ్మ బిందె వంచి గ్లాసు నింపింది. దాన్ని ముఠాలో అందరికంటే పెద్దదైన మంగాయమ్మ ముందుకు చాపింది. ముసలామె అలవాటుగా దోసిలి పట్టింది.

"గ్లాసు పట్టుకో అత్తా," అంది కొండమ్మ.