ఖాజాగూడ స్టాపులో కొలిచిన వెలుతురు

హైటెక్ సిటీ ఇంకా కడుతున్న రోజులవి. ఖాజాగూడ స్టాపులో బస్సు కోసం చూస్తున్నాను. మెడలో కొత్త కెమెరా. చెరువు అవతల బండల మీద సాయంత్రపు ఎండ పడుతోంది. ఆకాశపు వెలుగుకి కెమెరా పొరపడి బండలు నల్లగా వస్తాయని, అదే ఎండలో ఉన్న మనిషి ముఖం మీద ముందు వెలుతురు కొలుచుకోవాలని ఎక్కడో చదివాను.

స్టాపులో ఉన్నది ఒక్క పెద్దాయనే. చేతిలో రాళ్లు కొట్టే సుత్తి.

"ఒక్క నిమిషం ఇలా ఎండలో నిలబడతారా?" అన్నాను.

"ఫోటో దింపుతవా సారూ? జర ఆగు."

సుత్తి కింద పెట్టి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, చొక్కా పైగుండీ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. కెమెరా ఆయన ముఖానికి దగ్గరగా పెట్టి వెలుతురు చూసుకున్నాను, బటన్ మాత్రం నొక్కలేదు. తర్వాత పక్కకి జరిగి బండల్ని తీశాను.

"మంచిగొచ్చిందా?"

"వచ్చిందండీ."

"ఇంట్ల నాది ఒక్క ఫోటో గూడ లేదు. ఎప్పుడిస్తవు?"

"వచ్చే ఆదివారం," అన్నాను. అప్పటికి రోల్లో ఇంకా సగం ఫిల్ము మిగిలే ఉంది. ఇంతలో నా బస్సొచ్చింది, ఎక్కేశాను. ఆ ఆదివారమే కాదు, తర్వాత ఎప్పుడూ ఆ స్టాపులో దిగలేదు.

ఆ బండల ఫోటో మా హాల్లో ఉంది. వెలుతురు ఎంత చక్కగా కుదిరిందో అని వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. ఎలా కుదిరిందని అడిగితే, కెమెరా మంచిదని చెబుతాను.