గుల్మొహర్ చెట్టు, కోత మిషన్

ఆదివారం సాయంత్రం గాలిదుమారం లేచింది. కాసేపు వాన కొట్టి వెలిసింది. ఆ కాసేపట్లోనే ఎదుటి ఖాళీ ప్లాటులోని గుల్మొహర్ చెట్టు వేళ్ళతో సహా లేచి మా సందుకు అడ్డంగా పడిపోయింది. నాచారంలో మాది సందు చివరి ఇల్లు. చెట్టు తల మొత్తం మా గేటు మీదికే వచ్చింది. తలుపు తీస్తే ఎదురుగా సందు కనబడలేదు. కొమ్మలు, ఎర్రపూలు, వాటి మధ్య తెగి వేలాడుతున్న కరెంటు తీగ.

లైన్‌మన్ వెంటనే వచ్చి కరెంటు ఆపి, తీగ తప్పించి వెళ్ళాడు. చెట్టు తీయడం తన పని కాదన్నాడు. మున్సిపాలిటీకి ఫోన్ చేస్తే, కాప్రా నుంచి ఉప్పల్ దాకా అంతటా చెట్లు పడ్డాయని, ముందు పెద్దరోడ్లు చూసుకుని తర్వాత సందుల్లోకి వస్తామని చెప్పారు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు ఏమీ కనబడలేదు. కానీ తెల్లవారితే మా ఆయనకు డయాలసిస్.

ఆయన ఏళ్ళ తరబడి నాచారంలోనే ఒక ఫ్యాక్టరీలో లేత్ మిషన్ మీద పనిచేశారు. కిడ్నీలు పాడైనప్పటి నుంచి ఇంటిపట్టునే ఉంటున్నారు. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి. శుక్రవారం చేయించుకున్నాక సోమవారం దాకా ఆగాలి కాబట్టి ఆ రెండు రోజులే మాకు గండం. ఆ సోమవారం పొద్దున ఆయన పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. పడుకుంటే ఊపిరి ఆడక, గోడకు దిండ్లు పెట్టుకుని కూర్చున్నారు. సూదులు గుచ్చడం కోసం ఆయన ఎడమచేతికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, దాని మీద ఒళ్ళు ఆనించకూడదు.

పక్కింటికీ మాకూ మధ్య మనిషి ఎత్తు ప్రహరీగోడ ఉంది. నేను ఇటు స్టూలు వేసుకుని, పక్కింటావిడ అటు నిచ్చెన వేస్తే గోడ దాటగలిగాను. వాళ్ళ గేటు కొమ్మలకు అవతల ఉంది, అక్కడ దారి బాగానే ఉంది. మా ఆయన స్టూలు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు ఎత్తలేక దిగిపోయారు. పక్కింటావిడ భర్త గొడ్డలి తెచ్చి కొట్టి చూశాడు. పచ్చి కొమ్మ కదా, ఊగుతోంది గానీ తెగడం లేదు. పైగా ఆయనకు నడుము నొప్పి, నాలుగు దెబ్బలకే కూలబడ్డాడు. చెట్లు కోసేవాళ్ళకు ఫోన్లు చేశాం. అందరూ ఎక్కడో ఒకచోట పనిలో ఉన్నారు, సాయంత్రం చూద్దామన్నారు.

నేను ఒక బడిలో తెలుగు చెబుతాను. మిక్సీ కంటే పెద్ద మిషన్ నా జీవితంలో పట్టుకోలేదు. అయినా ఉప్పల్ వెళ్ళి కట్టె కోసే మిషన్ కొనుక్కొస్తానని చెప్పాను. మా ఆయన వద్దన్నారు. ఆ మాట తర్వాత ఊపిరి కూడదీసుకోవడంలోనే ఉన్నారాయన.

ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు మీద వ్యవసాయ పనిముట్లు అమ్మే షాపు ఒకటి తెరిచి ఉంది. మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు, నీళ్ళ మోటార్లు. నెరిసిన జుట్టు పెద్దాయన కౌంటర్లో కూర్చున్నాడు. ఏం కావాలో చెబితే, ఎవరు వాడతారని అడిగాడు. నేనే అన్నాను. ఇంట్లో మగవాళ్ళు లేరా అన్నాడు. ఉన్నారు, చేతకాని స్థితిలో ఉన్నారని చెప్పాను. ఆయన కౌంటర్ దాటి వచ్చాడు.

ముందు పెట్రోలు మిషన్ చూపించాడు. ఎంత లావు మానైనా కోస్తుందట. రెండు చేతులా ఎత్తితే మోచేతులు వణికాయి. తాడు లాగి స్టార్ట్ చేయాలన్నాడు. లాగాను. తాడు సగం వచ్చి ఆగింది. ఇంకోసారి లాగితే భుజం పట్టేసింది. ఆయన నా చేతుల్లోంచి మిషన్ తీసుకుని పక్కన పెట్టేశాడు. కరెంటుది తేలిక, కానీ మా సందులో కరెంటు లేదు. ఇక బ్యాటరీవి మిగిలాయి. ఒక చేత్తో పట్టుకునే చిన్నది ముద్దుగా, ఆటవస్తువులా ఉంది. నేను దాని మీదే చేయి వేశాను.

"అది గాదమ్మా," అన్నాడు పెద్దాయన. "ఒక చేత్తోని కోస్తుంటే ఇంకో చెయ్యి ఊకుండదు, కొమ్మ పట్టుకుందామని పోతది. చేతి ఏళ్ళు గట్లనే పోతయ్. రెండు చేతులు పట్టేది తీస్కో."

రెండు పిడులున్న ఇంకో మిషన్ తీశాడు. బ్లేడు జానెడు కంటే కొంచెం పొడుగు. ముందు పిడి దగ్గర రెక్కలాంటి అడ్డు ఉంది. బ్లేడు ముక్కు దేనికైనా తగిలితే మిషన్ మొహం మీదికి ఎగిరి వస్తుందట. అప్పుడు చేయి ఆ రెక్కకు తగిలి చైన్ ఆగిపోతుందట. ముక్కుతో కోయొద్దని, భుజం కంటే ఎత్తులో కోయొద్దని, చున్నీ తీసేయమని, చెప్పులు కాదు బూట్లు వేసుకొమ్మని చెప్పాడు. కళ్ళద్దాలు, చేతి గ్లౌజులు ఇచ్చాడు. నేను తల ఊపుతూనే ఉన్నాను. ఒక మాట వింటుంటే ముందు మాట జారిపోతోంది.

మా ఆయనకు ఫోన్ చేసి పెద్దాయనకు ఇచ్చాను. ఇద్దరూ చైన్ బిగింపు గురించి, బ్రేకు గురించి, ఆయిలు గురించి మాట్లాడుకున్నారు. ఫోన్ తిరిగి నా చేతికి వచ్చాక మా ఆయన గొంతు మారిపోయింది.

"మిషన్ మంచిదే. నాకు దాని తోని బయం లేదు. నీ చేతికి ఏమన్న అయితే మాత్రం, నేను లేసొచ్చి పట్టుకునే పరిస్థితిల కూడ లేను. గది యాదికుంచుకో."

బ్యాటరీ దాదాపు ఖాళీగా ఉంది. షాపులో ఛార్జింగ్ పెట్టారు. అందాకా ఆగాల్సిందే. రోడ్డు మీద బస్సులు, ఆటోలు, పైన మెట్రో, అందరూ ఎక్కడికో అక్కడికి పోతూనే ఉన్నారు. నేను స్టూలు మీద కూర్చుని ఛార్జర్ లైటు చూస్తున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. పక్కింటావిడకు చేస్తే గోడ మీదుగా తొంగిచూసి, కళ్ళు మూసుకుని కూర్చున్నారని, పిలిస్తే చేయి ఊపారని చెప్పింది. లైటు ఇంకా ఎర్రగానే ఉంది. నిండేదాకా ఆగలేనని చెప్పి, ఎంత ఎక్కితే అంతతోనే తీసుకుని ఆటో ఎక్కాను.

గోడ దాటి ఇంట్లోకి వచ్చేసరికి ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. గేటు కొంచెమే తెరుచుకుంటోంది. ఆ కాస్త ఖాళీలోంచి ముందుగా చిన్న కొమ్మలు కోశాను. మిషన్ అరుపులో ఇంకేమీ వినబడడం లేదు. పొట్టు కళ్ళద్దాల మీద పడుతోంది. ఆయన చేతితో సైగ చేస్తున్నారు: ఆగు, కాళ్ళు ఎడంగా పెట్టు, ఇప్పుడు కొయ్యి. తెగిన కొమ్మలను పక్కింటివాళ్ళు అటు నుంచి లాగేస్తున్నారు. మనిషి పట్టేంత దారి మెల్లగా తెరుచుకుంది. చివరగా నడుము ఎత్తులో, తొడంత లావు కొమ్మ ఒకటి అడ్డంగా మిగిలింది. అది కూడా తెగితే ఆయన నడిచి పోవచ్చు.

బ్లేడు పైనుంచి పెట్టాను. సగం దిగాక కొమ్మ కిర్రుమని కిందికి కుంగి, బ్లేడును పట్టేసింది. చైన్ ఆగిపోయింది. లాగాను, ఊపాను, రాలేదు. మళ్ళీ మీట నొక్కితే మిషన్ ఒకసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీ అయిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన కుర్చీలోంచి సగం లేచి, చేయి ఎత్తి ఉన్నారు. కొమ్మ బరువు ఎటు ఉందో ఆయనకు ముందే కనబడిందట. కింది నుంచి కొయ్యమని అరిచారట. ఆ మోతలో నాకు వినబడేంత గొంతు ఆయనకు లేదు.

నేను పొట్టులోనే కూర్చుండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

"ఊకో, సాలు," అంటూ ఆయన మెల్లగా దగ్గరికి వచ్చారు. "కింద జాగున్నది. దూరి పోతా."

ఆయన వంగి నడవలేరు, అందుకే దుప్పటి పరిచాం. ఏడాదిగా నేల మీద కూర్చోలేని మనిషి దాని మీద వెల్లకిలా పడుకున్నారు. పడుకోగానే ఊపిరి అందక కళ్ళు పెద్దవి చేశారు. ఎడమచేతిని గుండెల మీద పెట్టుకుని కుడిచేత్తో దాన్ని కాపాడుకుంటున్నారు. పక్కింటాయన నొప్పి నడుముతోనే అటు నుంచి దుప్పటి లాగాడు. నేను ఇటు నుంచి కాళ్ళు పట్టుకుని తోశాను. కొమ్మ కిందుగా పోతుంటే ఒక రెమ్మ మొహం మీద గీసుకుపోయింది. అవతల లేపి కూర్చోబెట్టాక చాలాసేపు దగ్గారు. నేను కూడా ఆ కొమ్మ కిందే పాకుతూ బయటికి వచ్చాను.

డయాలసిస్ సెంటర్‌లో మా వరస దాటిపోయింది. ఆయన పెదవుల రంగు చూసి నర్సు వెంటనే లోపలికి తీసుకుపోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు తర్వాత చెప్పాడు. నాకు దాహం వేసింది. సీసా మూత తిప్పుదామంటే వేళ్ళు ముడుచుకోవడం లేదు, రెండు చేతులూ ఇంకా మిషన్ పట్టుకున్నట్టే అదురుతున్నాయి. పక్కన కూర్చున్న ఎవరో మూత తీసి ఇచ్చారు.

ఆయనను మళ్ళీ ఆ కొమ్మ కింద పడుకోబెట్టడం నా వల్ల కాలేదు. చెట్టు తీసేదాకా పక్కింట్లోనే ఉన్నాం. వాళ్ళ కిటికీలోంచి మా వరండా, అందులో ఆయన కుర్చీ కనబడుతుండేవి. ఆయన అటు చూస్తూ కూర్చునేవారు, నేనూ పక్కన కూర్చునేదాన్ని. మున్సిపాలిటీ వాళ్ళు పెద్ద మిషన్లతో వచ్చి, మేము టీ తాగి గ్లాసులు కింద పెట్టేలోగా ఆ కొమ్మ తీసి అవతల పారేశారు.