పదకొండో తరగతిలో పదో పేరు

ఆ శుక్రవారం మధ్యాహ్నం గల్ఫ్‌లో, ఖైతాన్‌లోని మా ఫ్లాట్ ముందుగదిలో ఉన్నవాళ్లు: నాన్న, అమ్మ, పదో తరగతి పరీక్షలు అప్పుడే ముగించిన చెల్లెలు, నేను. ఉన్న వస్తువులు: మూడు స్కూళ్ల బ్రోషర్లు, నా లాప్‌టాప్, నాలుగు టీ గ్లాసులు, ఆగి ఆగి మోగే ఏసీ.

చెల్లెలు లాయరు కావాలనుకుంటోంది. ఇండియాలో పేరున్న న్యాయ విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల కోర్సు ఉంది. దానికి ప్రవేశ పరీక్ష రాయాలి. సీట్లు తక్కువ, రాసేవాళ్లు చాలా ఎక్కువ. ఆ పరీక్షకు ముందు రెండేళ్లు, అంటే పదకొండు, పన్నెండు తరగతులు, ఏ స్కూల్లో ఏ సబ్జెక్టులతో చదవాలన్నది మేం తేల్చుకోవాలి.

నేను ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. రోజూ కంపెనీ బస్సులో మంగఫ్ దాటి ప్లాంటుకు వెళ్తాను. ఏ విషయమైనా పట్టికలో పెట్టి చూస్తే తప్ప నాకు తోచదు. అందుకని పట్టిక వేశాను. సల్వాలోని బ్రిటిష్ సిలబస్ స్కూలు ఒకటి. న్యాయశాస్త్రం ఒక సబ్జెక్టుగా చెప్పే కొత్త ఇండియన్ స్కూలు రెండోది. చెల్లెలు ఒకటో తరగతి నుంచి చదువుతున్న పాత స్కూలు మూడోది. దూరానికి, ఫీజుకు, టీచర్లకు, సబ్జెక్టులకు విడివిడిగా మార్కులు పెట్టాను. న్యాయశాస్త్రం ఉన్నదానికి అన్నిటికంటే ఎక్కువ వేశాను. కొత్త స్కూలు గెలిచింది.

నాన్న పట్టికవైపు చూడనే లేదు. "అంత దూరం ఎందుకురా? పాత స్కూల్లోనే ఎంపీసీ తీసుకోమను. ఇంజినీరింగ్ అయ్యాక లా చదువుకోమను, ఎవరొద్దన్నారు?"

"బిర్యానీ అడిగితే ముందు పది ఇడ్లీలు తినేసి రమ్మన్నట్టుంది, నాన్నా," అంది చెల్లెలు.

"ఏవండీ, ఇప్పట్నుంచే దీంతో వాదన పెట్టుకోకండి," అంది అమ్మ నవ్వుతూ.

"నవ్వులు కాదే. ఆర్ట్స్ అంటే మార్కులు రానోళ్లు తీసుకునేది. ఇక్కడ మనోళ్లలో ఎవరైనా తీసుకున్నారేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

నాన్న మాటలో అబద్ధం లేదు. మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో పిల్లలందరూ ఎంపీసీ, లేకపోతే బైపీసీ. కామర్స్ అన్నా చెప్పుకోవచ్చు. ఆర్ట్స్‌కు స్కూళ్లలో ఉన్న పేరు, హ్యుమానిటీస్ అనే మాట వస్తే తల్లిదండ్రులు గొంతు తగ్గించి మాట్లాడతారు.

చెల్లెలు నావైపు తిరిగింది. "అన్నయ్యా, న్యాయశాస్త్రానికి అన్ని మార్కులెందుకు వేశావు?"

"లా చదవాలంటే అది ఉండాలి కదా?"

"ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ప్లాంటులో అయితే నేను అలా చెయ్యను. కొత్త మీటరు పెట్టినప్పుడు దాని దగ్గర సిగ్నలిచ్చి, కంట్రోల్ రూమ్‌లో అదే అంకె కనబడే వరకూ ఒక్కొక్క తీగా చూసుకుంటాం. ఇంట్లో మాత్రం ఊహించి మార్కులు వేసేశాను.

చెల్లెలు అప్పటికే ఆ సరిచూసే పని చేసి ఉంచింది. తన స్కూల్లోనే చదివి, ఇప్పుడు ఇండియాలో లా రెండో సంవత్సరంలో ఉన్న సీనియర్‌ని అడిగింది. ఆ అమ్మాయి పంపిన వాయిస్ మెసేజ్ మాకు వినిపించింది: "ఆ సబ్జెక్టు లేకుండా వచ్చినవాళ్లు మా క్లాసులో బోలెడుమంది. పరీక్షలో పెద్ద పెద్ద పేరాలిచ్చి, గబగబా చదివి జవాబులు పెట్టమంటారు. నీతో బాగా చదివించే టీచరు, ప్రతిదానికీ ఎందుకని అడిగే టీచరు ఎక్కడున్నారో చూసుకో. అక్కడ చేరు."

అలాంటి టీచరు పాత స్కూల్లోనే ఉన్నారు, హిస్టరీ మేడమ్. ఆదివారం ఇక్కడ పనిదినమే; నాన్న ఇంకా ఊ అనకపోయినా నేను సెలవు పెట్టి చెల్లెల్ని తీసుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ సంతోషించారు గానీ ఒక చిక్కు చెప్పారు. పది మంది చేరితేనే యాజమాన్యం హ్యుమానిటీస్ సెక్షన్ తెరుస్తుంది. చెల్లెలితో కలిపి అప్పటికి తొమ్మిది మంది. గురువారం లోపు పదో పేరు రాకపోతే ఆ తొమ్మిది మందీ వేరే గ్రూపులోనో, వేరే స్కూల్లోనో చేరాల్సిందే.

మా బిల్డింగ్ కింద ఏసీ రిపేరు షాపు నడిపే చాచాది రాయచోటి. ఆయన కూతురు చెల్లెలి క్లాస్‌మేటే, బైపీసీ తీసుకుంటోంది. సంగతి విని ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

"ఏంది బేటా, దీనికింత యోచన చేస్తాండావు? మా పాప పేరు రాయించు. సెక్షన్ మొదలైనాంక మార్పించుకుంటాం. ఖలాస్!"

నాకైతే అది మంచి ఉపాయంగానే అనిపించింది. ఇక్కడ పనులు జరిగేది ఇలాగే కదా అనుకున్నాను. చెల్లెలు ఒప్పుకోలేదు.

"వద్దు చాచా. లాయరవుదామని బయల్దేరి మొదటి రోజే దొంగసాక్ష్యమా? తర్వాత మీ పాప వెళ్లిపోతే మళ్లీ తొమ్మిదే. ఆ మేడమ్ మొహం ఎట్లా చూడను?"

చాచా గట్టిగా నవ్వాడు. "నీ దగ్గర కేసు గెల్చడం కష్టమే తల్లీ. పో, నిజమైనోళ్లనే ఎతుక్కో." ఆ తర్వాత షాపుకొచ్చిన ప్రతివాడినీ పిల్లలు ఏ క్లాసని అడిగాడు. ఆ సాయం నేను మరిచిపోను. కానీ బుధవారం వరకూ ఎవరూ దొరకలేదు.

బుధవారం ఇఖామా, అంటే నివాస అనుమతి, పనిమీద నేను నాన్నతోపాటు కారెక్కాను. నాన్న గోడౌన్‌లో స్టోర్‌కీపరు. అక్కడే పనిచేసే అమలాపురం ఆయన ఒకరున్నారు, ఆయన కారులో ఇద్దరూ కలిసి డ్యూటీకి వెళ్తారు. నేను వెనక సీట్లో కూర్చున్నాను. ఆయన కొడుకుదీ చెల్లెలి స్కూలే, పదో తరగతే. వాడికి లెక్కలు రావడం లేదని ఆయన దిగులుగా చెబుతున్నాడు.

"మేడమ్ గారేమో హ్యుమానిటీస్ ఇవ్వమంటన్నారండి. మావోడికీ అదే ఇష్టమంట. కానీ ఊళ్లో ఏం చెప్పుకోవాలండి, లెక్కల్లో తప్పాడనా?"

నాన్న ఆయనవైపు తిరిగాడు.

"మా అమ్మాయికి ప్రీబోర్డు పరీక్షల్లో తొంభై నాలుగు శాతమండి," అన్నాడు నాన్న. "లెక్కల్లో ఇంకా ఎక్కువే. అది కూడా హ్యుమానిటీసే తీసుకుంటంది. రాక కాదండి, కావాలని. లాయరవుతుందంట."

"నిజమాండీ?"

"మరేనండి. ఎవరన్నా అడిగితే మా అమ్మాయి పేరు చెప్పండి. ఆ క్లాసులోనే చదువుతున్నాడని చెప్పండి."

"ఆయ్, అయితే ఈ రోజే మా ఆవిడతో మాట్లాడతానండి," అన్నాడాయన. కారు వేగం కాస్త పెరిగింది.

శుక్రవారం నాడు నలుగురూ ఏమనుకుంటారని అడిగిన మనిషి, ఆ నలుగురిలో ఒకడికి తానే జవాబు చెప్పాడు. ఇంటికొచ్చాక ఆ మాట ఎత్తనేలేదు. చెల్లెలికి నేనే చెప్పాను. అది నాన్న దగ్గరికి వెళ్లి టీ పెట్టనా అని అడిగింది. పంచదార తక్కువ వెయ్యమన్నాడు.

నా పట్టికలో తండ్రి అనే గడి లేదు. దానికెన్ని మార్కులు వెయ్యాలో ఇప్పుడు కూడా నాకు తెలియదు. మేడమ్‌కు, సీనియర్‌కు, చాచాకు థ్యాంక్స్ చెప్పగలిగాను. నాన్నకు మాత్రం ఇంకా చెప్పలేదు. ఇలా రాసి పెడుతున్నాను.

గురువారం ఉదయం అమలాపురం ఆయన కొడుకు పేరు రాయించాడు. సెక్షన్ ఖాయమని తెలిశాక కామర్స్‌నుంచి మరో అమ్మాయి మారింది. తరగతులు మొదలైన ఆదివారం మేడమ్ హాజరు పిలిచారు.

పదకొండు మంది.