వజ్రనాసుడికి అండి ఎందుకండి?

ముందే చెప్పేస్తున్నానండి. నవ్వితే నవ్వుకోండి, కానీ ఇదంతా విన్నాక నన్ను ఆ పేరుతో మాత్రం పిలవకండి. ఇప్పటికే మా వీధిలో సగం మంది అలాగే పిలుస్తున్నారు, పాలాయనతో సహా.

మాది భీమవరం. మా ఆయనకి ఐసు ఫ్యాక్టరీ ఉంది, రొయ్యల లోడ్లకి ఐసు వేస్తారు. నేను చాలా ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి మానేసినదాన్ని. రెండు నెలల కిందట నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ డబ్బింగ్ స్టూడియోకి ఒక యానిమేషన్ సిరీస్ వచ్చిందట, తెలుగు మాటలు రాస్తారా టీచర్ అని అడిగింది. ఆ పిల్ల మాట పూర్తిచేసేలోపే నేను పెన్ను వెతుక్కుంటున్నాను.

సిరీస్ పేరు 'మబ్బుకోట'. మబ్బుల మీద ఒక కోట, అందులో ముసలి రాజు, ఆయన కూతురు మేఘన. కోట తోటలో నీళ్ళు పోసే పిల్ల పేరు చినుకు. మేఘనా చినుకూ చిన్నప్పటినుంచీ 'ఒసే' అంటే 'ఒసే' అనుకునే స్నేహితులు. వీళ్ళ మధ్యలో వజ్రనాసుడని ఒక మంత్రి ఉంటాడు. పొడుగు ముక్కు, మెత్తటి మాట. మొదటి ఎపిసోడ్‌లో ఒక చిన్న అబద్ధమాడి రాజుగారి చెప్పులు సర్దుతాడు, ఏడోదానికల్లా రాజునే సర్దేస్తాడు. మొత్తం ఏడే ఎపిసోడ్లు. ఏడోదాని చివర 'తెలుగు మాటలు' అని తెర మీద నా పేరు పడుతుందని డబ్బింగ్ డైరెక్టర్ చెప్పాడు. పేరు ఎలా వెయ్యాలో ఆ ఎపిసోడ్ ఫైలు ఆఖర్న నన్నే టైపు చెయ్యమన్నాడు. ఆ మాట విన్నాక నేను నేల మీద నడవలేదు.

మా అత్తయ్యగారి సంబరం నాకంటే ఎక్కువ. "ఇంటిపేరుతో సహా వెయ్యమను అమ్మాయ్. ఉట్టి సుభద్ర అంటే ఏ ఊరి సుభద్రో ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. మా ఇంటిపేరు పిండిప్రోలు. నరసాపురంలో ఆడపడుచుకి, పెనుగొండలో తోడికోడలికి ఆవిడే ఫోన్లు చేసి, మన ఇంటిపేరు టీవీలో పడుతోందని చెప్పేశారు. అందువల్ల ఆ పేరు పడకపోతే నాకు భీమవరంలోనే కాదు, ఎక్కడా తలెత్తుకునే దారి లేదు.

ఇక రాయడం మొదలెట్టాను. ఇంగ్లీషులో అందరికీ ఒకటే 'యూ'. రాజుకీ అదే, తోటలో పిల్లకీ అదే. మనకలా కుదరదు కదా. ఎవరు ఎవర్ని మీరంటారో, ఎవర్ని నువ్వంటారో తేల్చుకోకుండా ఒక్క లైను కూడా కదలదు. నేనేమో గోదావరి మనిషిని. తోపుడుబండి దగ్గర కూడా 'ఏవండీ, వంకాయలు లేతవేనాండి' అని అడుగుతాను. కాబట్టి మబ్బుకోటలో ఎవరికీ తక్కువ చెయ్యకుండా అండీలు వడ్డించాను. వజ్రనాసుడు కత్తి దూసి, 'ఏమీ అనుకోకండి రాజుగారూ, కాస్త ఇలా జరగండి, మిమ్మల్ని తోసెయ్యాలండి' అంటాడు.

పంపిన వెంటనే డైరెక్టర్ నుంచి ఫోన్. "మేడం, మీ విలన్ చంపడానికి వచ్చాడా, శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడా?" అన్నాడు.

తర్వాత ఓపిగ్గా చెప్పాడు. వజ్రనాసుడికి ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ మాటలో మర్యాద ఒక్కో మెట్టు దిగాలట. కోట తాళాలు చేతికొచ్చిన రోజు భటులకి అండి పోవాలి, సైన్యం చేతికొచ్చిన రోజు రాకుమారికి పోవాలి, సింహాసనం ఎక్కాక రాజుకే పోవాలి. వాడి ఆశ ఎంత పెరిగిందో బొమ్మ చూడకుండా మాట విన్నా తెలిసిపోవాలన్నాడు.

స్పీకర్ ఆన్‌లో ఉంది. మా అత్తయ్యగారు వింటూ, "మన రాంబాబు సంగతి దీనికి తిరగేసిన కథ" అన్నారు. రాంబాబు మా ఆయనకి చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరూ 'ఒరేయ్' అంటే 'ఒరేయ్' అనుకుంటూ పెరిగారు. నిరుడు మా ఫ్యాక్టరీలోనే మేనేజర్‌గా చేరాడు. చేరిన రోజే మా ఆయన్ని 'మీరు' అన్నాడు. ఆ పూట మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. 'ఒరేయ్ అనరా' అని ఎన్నిసార్లు బతిమాలినా రాంబాబు తలొంచుకుని 'బాగోదండి' అంటాడట.

ఆ 'బాగోదండి'ని తీసుకెళ్ళి ఏడో ఎపిసోడ్‌లో పెట్టాను. మేఘన గెలిచి మహారాణి అవుతుంది. తలుపు దగ్గర చినుకు నిలబడి 'లోపలికి రండి మహారాణీ' అంటుంది. 'ఒసే అనవే' అంటుంది మేఘన. 'బాగోదండి' అంటుంది చినుకు. అంతే సీను. రాస్తూ నాకే ఏడుపొచ్చింది. ఎందుకంటే వజ్రనాసుడు తీసేసిన అండి కంటే చినుకు పెట్టిన అండి ఎక్కువ గుచ్చుకుంటుంది.

ఆరు ఎపిసోడ్లు లైను లైనూ చూసి, తియ్యాల్సిన అండీలు తీసి పంపాను, బాగున్నాయన్నారు. ఏడోదానికొచ్చేసరికి నాకొక సన్మానం అడ్డొచ్చింది. మా తోడికోడలు పెనుగొండలో మహిళా మండలి కార్యదర్శి. రచయిత్రిగారికి సన్మానం చేస్తున్నాం, నాలుగింటికల్లా వచ్చెయ్యమంది. జాకెట్టు ఇంకా టైలర్ దగ్గరే ఉంది. ఫైలేమో సాయంత్రానికి స్టూడియోకి చేరాలి. వజ్రనాసుడు సింహాసనం మీద కూర్చున్నాడు కాబట్టి ఒక్క అండి కూడా వినపడకూడదని డైరెక్టర్ మళ్ళీ మెసేజ్ పెట్టాడు.

కంప్యూటర్‌లో ఒక మాట వెతికి ఫైలంతా ఒకేసారి మార్చేసే ఏర్పాటు ఉంటుంది కదా. 'ండి' అని కొట్టి, దాని బదులు ఏమీ పెట్టకుండా రెండు చోట్ల పరీక్ష చేశాను. 'పదండి' చక్కగా 'పద' అయింది. 'కూర్చోండి' ముద్దుగా 'కూర్చో' అయింది. ఇంత తేలిక పనికి ఆరు ఎపిసోడ్ల పాటు కళ్ళు పోగొట్టుకున్నానే అనుకుని 'రీప్లేస్ ఆల్' నొక్కాను. చినుకు అండీలు రెండూ చేత్తో మళ్ళీ పెడదామనుకున్నాను. ఇంతలో బయట మా ఆయన కారు హారన్ కొట్టారు. ఫైలు పంపేసి పరిగెత్తాను.

పెనుగొండలో శాలువా వేళకి దొరకలేదట. మా ఆడపడుచు నరసాపురం నుంచి తెచ్చిన లేసు టేబుల్ క్లాత్ కప్పారు. నేను మైకు పట్టుకుని, రాసేవాళ్ళు అక్షరం అక్షరం తడిమి చూసుకోవాలి, తొందర పనికిరాదు అని ఇరవై నిమిషాలు చెప్పాను. చప్పట్లు కూడా కొట్టారు పాపం.

రెండు రోజుల తర్వాత పొద్దున్న పెసరట్టు వేస్తుంటే డైరెక్టర్ ఫోన్. మంచి హుషారుగా ఉన్నాడు. "మేడం, ఆ 'మొగా' అదిరిపోయింది. మా ఆర్టిస్టు గొంతు చించుకుని అరిచాడు, ఎకో కూడా వేశాం. ఇంతకీ మొగా అంటే ఏంటి, మంత్రమా?"

నాకేమీ అర్థం కాలేదు. మళ్ళీ చేస్తానని చెప్పి ఫైలు తెరిచాను.

'మొండిగా నిలబడకండి' అన్నది 'మొగా నిలబడక' అయి కూర్చుంది. వెండి సింహాసనం వె సింహాసనం అయింది. ఎండిపోయిన నది ఎపోయిన నది. ప్రజలు తిండి లేక కాదు, తి లేక చస్తున్నారు. ఆస్థాన పండితుడు పతుడు అయ్యాడు. 'చెప్పండి' చెప్ప అయింది, 'నుండి' ను అయింది. రాజద్రోహిని దండించక తప్పదన్న లైను ఒక్కటే, 'దంచక తప్పదు' అని ముందుకంటే బాగా కుదిరింది. స్టూడియోలో వాళ్ళేమో ఇదంతా మబ్బుల లోకం భాష అనుకుని భక్తిగా రికార్డు చేసేశారు.

ఫోన్ మళ్ళీ మోగింది. నా కళ్ళ ముందు తెర మీద నా పేరు, చెవుల్లో పెనుగొండ చప్పట్లు. నోరు దానంతట అదే తెరుచుకుంది. మొగా అంటే మబ్బుకోట ప్రాచీన శక్తి మంత్రమండి అనేశాను. మరి 'వె' ఏమిటన్నాడు. అది ఒక లోహమండి అన్నాను. అతను పొంగిపోయి, ఇంత లోతుగా ఆలోచించిన రైటర్ని చూడలేదన్నాడు.

ఫోన్ పెట్టగానే అత్తయ్యగారు పెసరట్టు తిరగేస్తూ, "వజ్రనాసుడు కూడా ఇలాగే మొదలెట్టాడే అమ్మాయ్. చెప్పుల దగ్గర ఒక చిన్న అబద్ధంతో" అన్నారు.

నేను పట్టించుకోనట్టే ఉన్నాను. కానీ ఫైలు కిందకి జరుపుతుంటే చినుకు సీను కనిపించింది. 'లోపలికి ర మహారాణీ.' 'ఒసే అనవే.' 'బాగోద.' నేను ఏడుస్తూ రాసిన సీను నత్తి పట్టి నిలబడింది. ఇక ఆగలేకపోయాను. పేరు పోతే పోయిందని నేనే ఫోన్ చేశాను.

"సార్, అది మంత్రం కాదండి. అండి లేకపోవడం అండి" అన్నాను.

అవతల నవ్వు మొదలైంది, ఒకరిది కాదు, స్టూడియో మొత్తానిది. మర్నాడు సరైన లైన్లు పంపాను, ఆర్టిస్టుల్ని పిలిచి మళ్ళీ చెప్పించారు. 'మొగా', 'దంచక తప్పదు' మాత్రం బాగున్నాయని ఉంచేసుకున్నారు. నోటితో పలికే ప్రతి లైనూ సరిచేశాం, ఇక భయం లేదు, మీ పేరు మీకే ఉంటుంది మేడం అన్నాడు డైరెక్టర్. నేను వెంకన్నబాబుకి కొబ్బరికాయ కొట్టాను.

ఆదివారం పొద్దున్న ఏడో ఎపిసోడ్ వచ్చింది. మా హాలు నిండిపోయింది. నరసాపురం, పెనుగొండ, వీధివాళ్ళు, వెనక గోడకి ఆనుకుని రాంబాబు. చినుకు 'బాగోదండి' అన్నప్పుడు మా ఆయన వెనక్కి తిరిగి చూశారు. రాంబాబు ఫ్యాను వైపు చూస్తున్నాడు.

అప్పుడు తెర నల్లబడి అక్షరాలు పైకి రావడం మొదలైంది. అత్తయ్యగారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. వచ్చింది.

'తెలుగు మాటలు: పిప్రోలు సుభద్ర.'

నోటితో పలకని లైను అదొక్కటే కదండి.

"ఎవరే ఈ పిప్రోలు వాళ్ళు? మన పేరెప్పుడొస్తుంది?" అన్నారు అత్తయ్యగారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. అంతలో వెనక నుంచి ఒక నవ్వు పేలింది. రాంబాబు గోడ వదిలేసి వచ్చి, మా ఆయన భుజం మీద దబదబా బాదుతూ, "ఒరేయ్, ఏడు తరాల ఇంటిపేరు ఒక్క నొక్కుతో పోగొట్టిందిరా మీ ఆవిడ! ఒరేయ్ పిప్రోలూ!" అన్నాడు.

అనేసి నాలిక్కరుచుకున్నాడు. కానీ మా ఆయన అప్పటికే వాణ్ణి కావలించుకున్నారు. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నంత పని చేశారు. పోయిన ఇంటిపేరు గురించి మా ఆయన ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు.

అత్తయ్యగారు మాత్రం ఇంకా మాట్లాడటం లేదు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో సైకిలు బెల్లు మోగింది. "పిప్రోలు గారూ, పాలండి" అన్నాడు పాలాయన. చూశారా, నా ఇంటిపేరులోంచి పోయిన 'ండి' ఆయన పాల దగ్గర దొరికింది.